మా ఊళ్లో బళ్లు పెరిగాయా, తగ్గాయా? ఇన్ని రకాలు ఎవరి కోసం?

పల్నాటి_పిల్లోడు
మా ఊరి ఎలిమెంటరీ స్కూలు సంగతి వినండి. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని పీకి హైస్కూల్లో కలిపారు. మిగిలిన బడికి ‘ఫౌండేషన్ స్కూల్’ అని పేరు పెట్టారు. 2025లో ఆ మార్పు తెచ్చిన 117 జీవో రద్దయింది, పిల్లలు తిరిగొస్తారని ఊరంతా సంబరపడింది. తీరా చూస్తే పక్కూరి బడి ‘మోడల్ ప్రైమరీ’ అయింది, మా పెద్ద తరగతులు హైస్కూలు నుంచి నేరుగా అటు వెళ్లాయి. ఇప్పుడు మాకున్నది ఒకటి, రెండు తరగతులు, ఒక టీచరు, తొమ్మిదిమంది పిల్లలు. పొద్దున ఏడున్నరకి మాత్రం ఊళ్లోకి నాలుగు పసుపు బస్సులొస్తాయి, నాలుగూ నిండి వెళ్తాయి.

మా నాన్నేమో "మా కాలంలో రెండే రకాలు, బోర్డు బడి, మిషన్ బడి. బళ్లు తక్కువ, పిల్లలు ఎక్కువ" అంటాడు. ఇప్పుడు బళ్లు ఎక్కువా, తక్కువా? ఇన్ని రకాలు ఎప్పుడు పుట్టాయి? ఇంకో ముఖ్యమైన సంగతి. మా అక్క కూతురు వచ్చే జూన్‌లో మూడో తరగతికి వస్తుంది. పక్కూరికి వెళ్లాలంటే లారీలు తిరిగే మెయిన్ రోడ్డు దాటాలి. బడి తల్లిదండ్రుల కమిటీ ద్వారా తీర్మానం పెట్టి మూడో తరగతి వెనక్కి తెచ్చుకునే దారి ఉందా?

లాస్ట్_బెంచ్
ముందు బడి బోర్డుల మీద పేర్లు మార్చి రాసే పెయింటర్‌కి రెగ్యులర్ పోస్టు ఇవ్వాలి. గవర్నమెంటు మారినప్పుడల్లా ఉపాధి దొరుకుతున్నది అతనొక్కడికే.

సుద్దముక్క
ఎస్జీటీని, అంటే చిన్న తరగతుల టీచర్ని కాబట్టి ఈ రకాలన్నీ నోటికొచ్చు, చెప్తాను. 117 జీవో కింద ఆరు రకాలు: పీపీ-1, పీపీ-2 (ప్రీ ప్రైమరీ) మాత్రమే ఉంటే శాటిలైట్ ఫౌండేషన్, దానికి ఒకటి, రెండు తరగతులు కలిస్తే ఫౌండేషన్, ఐదో తరగతి దాకా ఉంటే ఫౌండేషన్ ప్లస్. మూడు నుంచి ఏడు, ఎనిమిది దాకా ప్రీ హైస్కూల్, మూడు నుంచి పది దాకా హైస్కూల్, ఇంటర్ కూడా ఉంటే హైస్కూల్ ప్లస్. మొదట హైస్కూలుకి 250 మీటర్లలోపు ఉన్న బళ్లకే అన్నారు, తర్వాత కిలోమీటరు చేశారు. గొడవంతా అక్కడ మొదలైంది.

2025లో దాన్ని రద్దు చేసి తొమ్మిది రకాలు తెచ్చారు. అందులో మోడల్ ప్రైమరీ అంటే తరగతికో టీచరు. రాష్ట్రంలో అలాంటివి తొమ్మిది వేలకు పైగా చేశారు. మీ పక్కూరిది అదే. తరగతికో టీచరు ఉండటం మంచిదే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఐదుగురు టీచర్లు ఒకచోట చేరాలంటే చుట్టూ నాలుగు బళ్లు బక్కచిక్కాలి.

లాస్ట్_బెంచ్
ఆరు రకాలు రద్దు చేసి తొమ్మిది రకాలు పెట్టడాన్ని సరళీకరణ అంటారా సార్?

సుద్దముక్క
నన్నడక్కండి, నేను ఉద్యోగం చేసుకోవాలి.

రిటైర్డ్_హెచ్ఎం
పల్నాటి అబ్బాయి వాళ్ల నాన్నగారు చెప్పింది చాలావరకు నిజమే. మా సర్కారు (కోస్తా) జిల్లాల్లో అప్పట్లో తాలూకా బోర్డు, జిల్లా బోర్డు, మున్సిపాలిటీ, మిషన్, ఇంకా ఎవరో ఊరి పెద్ద పెట్టిన ఎయిడెడ్ బడి ఉండేవి. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక ఎలిమెంటరీ బళ్లు పంచాయతీ సమితికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్తుకి పోయాయి. అందుకే ఇప్పటికీ జడ్పీ హైస్కూలు అంటాం. 1980ల్లో మండలాలు వచ్చాక సమితి బడి కాస్తా మండల పరిషత్ బడి అయింది.

నేను పని చేసిన ఒక ఊళ్లో వానాకాలం సున్నం పెచ్చులూడితే ‘మండల ప్రజా పరిషత్’ అక్షరాల కింద నీలిరంగులో ‘పం. సమితి ఎలిమెంటరీ పాఠశాల’ అని కనబడేది. ఇంకాస్త ఊడిన చోట ‘బోర్డు’ అనే మాటలో చివరి అక్షరం. లోపల మాత్రం అదే గది, అవే దూలాలు. గమనించండి, యాజమాన్యం మారినా బడి రకం మారలేదు. ఒకటి నుంచి ఐదు, ఆ తర్వాత హైస్కూలు. రకాలు మొదలైంది తర్వాత.

చరిత్ర_పిచ్చి
"బళ్లు తక్కువ, పిల్లలు ఎక్కువ" అనేది బోర్డు బళ్ల కాలానికి సరిపోతుంది. ఇంకా వెనక్కి వెళ్తే తిరగబడుతుంది.

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందర్నీ బళ్ల లెక్క అడిగాడు. ప్రెసిడెన్సీ మొత్తమ్మీద 12,498 బళ్లు, 1,88,650 మంది పిల్లలు తేలారు. అంటే సుమారు వెయ్యి మంది జనాభాకి ఒక బడి. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన రిపోర్టు వీటన్నిటిలోకీ రుచిగా ఉంటుంది. అప్పటి బళ్ళారి జిల్లాలో మన అనంతపురం కూడా కలిసే ఉంది. 533 బళ్లు, 6,641 మంది పిల్లలు. అందులో కన్నడం బళ్లు 235, తెలుగు 226, మిగతావి పారశీకం, సంస్కృతం, మరాఠీ, తమిళం, ఇంగ్లిషు ఒక్కటి.

భాగించి చూడండి, బడికి పన్నెండు మంది! పల్నాటి పిల్లోడి బడి కంటే ముగ్గురే ఎక్కువ.

ఇద్దరు_పిల్లల_తల్లి
ఆ 533 బళ్లలో ఆడపిల్లలెంతమంది?

చరిత్ర_పిచ్చి
అరవై మందేనండీ. అన్ని కులాలకీ దారి లేదు కూడా. అందుకే ‘ఆ రోజుల్లో ఊరూరా బడి’ అని మురిసిపోయేవాళ్లని నేను నమ్మను. అరుగుల మీద నడిచే ఆ వీధి బళ్ల మాష్టారికి జీతం పిల్లల ఇళ్ల నుంచే, ఇవ్వలేని ఇంటి పిల్లాడు అరుగు దాకా కూడా రాలేడు. మనవాళ్లలో కందుకూరి ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టిందే 1874లో.

ఇంకో ముచ్చట, క్యాంప్‌బెల్ రాసిందే. పొద్దున బడికి అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో గౌరవంగా ‘సరస్వతి’ అని రాసేవారట. రెండోవాడికి సున్నా, మెప్పూ లేదు తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోతుంది.

లాస్ట్_బెంచ్
నా బ్యాచ్‌లో అయితే నా లెక్క నలభై దాటేది.

లెక్కల_లక్ష్మి
అసలు ప్రశ్న పెరిగాయా తగ్గాయా అని కదా. 1950-51లో దేశం మొత్తం మీద ప్రాథమిక పాఠశాలలు 2.10 లక్షలు. 2000-01కి 6.39 లక్షలు. యాభై ఏళ్లలో మూడు రెట్లు. 2024-25 యూడైస్, అంటే కేంద్రం ఏటా తీసే బళ్ల లెక్కలో అన్ని స్థాయులూ, అన్ని యాజమాన్యాలూ కలిపి 14.71 లక్షలు. ఇందులో హైస్కూళ్లు కూడా ఉన్నాయి కాబట్టి పాత అంకెతో నేరుగా పోల్చకండి.

అదే 2024-25 లెక్కలో ఇంకో వరస ఉంది. దేశంలో ఒకే ఒక్క టీచరున్న బళ్లు లక్షా నాలుగు వేలు, వాటిలో దాదాపు 34 లక్షల మంది పిల్లలు. రాష్ట్రాల్లో మొదటి స్థానం మనదే, ఆంధ్రప్రదేశ్‌లో 12,912. యూపీ కూడా మన తర్వాతే.

రిటైర్డ్_హెచ్ఎం
1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పెట్టినప్పుడు చెప్పిన మొదటి మాటే ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు అని. మాకు అప్పుడు పెట్టెలో గ్లోబూ, మ్యాపులూ, సైన్సు సామాను వచ్చాయి. పాడైపోతే రికవరీ పెడతారన్న భయంతో బీరువాకి తాళం వేసుకున్న హెడ్మాస్టర్లు చాలామంది. గ్లోబు ఇప్పటికీ కొత్తదే. రెండో టీచరే లేడు.

ఓరుగల్లు_రాణి
ఒకే టీచరు దాంట్లో మీరు ఫస్టు అయితే, ఒక్క పిల్లాడు కూడా లేని బళ్లలో మేం సెకండు. అదే యూడైస్‌లో దేశంలో జీరో ఎన్‌రోల్‌మెంట్ బళ్లు 7,993. బెంగాల్‌ 3,812, తర్వాత మా తెలంగాణ 2,245.

మా దగ్గర కారణం సూటిగా చెప్తా, ఎవరికైనా కోపం వచ్చినా సరే. గురుకులాలు. సోషల్ వెల్ఫేర్ గురుకులాలు రాష్ట్రం వచ్చేనాటికి 134, అవి 268 అయినయ్. 2016 నుంచి మైనారిటీ గురుకులాలు రెండు వందలకు పైగా, 2017లో ఒక్కసారే బీసీలవి 119. అన్నీ కలిపితే వెయ్యి దాటినయ్. ఐదో తరగతి రాగానే ఊళ్ల హుషారైన పిల్లలందరు ఎంట్రెన్స్ రాసి పోతరు. పైసలున్నోళ్లు ఒకటో తరగతికే బస్సెక్కుతరు. ఇగ సర్కారు బళ్లె ఎవరు మిగుల్తరు?

గురుకులం_బ్యాచ్
కోపం వచ్చింది రాణి గారూ.

గురుకులం లేకపోతే నేను ఇవాళ ఈ పోస్టు టైప్ చేసేవాణ్ణి కాదు. మా అమ్మానాన్న వలస కూలీలు, పనుల సీజన్‌లో ఊళ్లో ఉండరు. ఊళ్లో ఎంత మంచి బడి ఉన్నా రాత్రి నాకు అన్నం పెట్టేవాళ్లెవరు? డే స్కూలు ఇవ్వలేనిది గురుకులం ఇచ్చింది. మూడు పూటలా తిండి, స్టడీ అవర్, ఇంగ్లిషు. దీన్ని పట్టుకుని పల్లె బడిని చంపింది అనడం అన్యాయం.

చరిత్ర కూడా చూడండి. 1971లో పీవీ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేల్‌లో మొదటిది పెట్టారు, మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లి. పల్లెటూరి పిల్లాడు కూడా రాష్ట్ర స్థాయి ర్యాంకు కొడతాడని ఊళ్లకు చూపించింది అవే.

ఓరుగల్లు_రాణి
మూడు బళ్లు పెట్టి మెరికల్లాంటి పిల్లల్ని తీసుకుంటే అది ప్రయోగం. వెయ్యి పెడితే అది పద్ధతి. నేను గురుకులం వద్దనట్లే. నీలాంటి పిల్లలకు కావాల్సిందే తమ్మీ. తల్లిదండ్రులు ఊళ్లనే ఉండి, బడి గల్లీ చివరనే ఉండి కూడా పదేండ్ల పిల్లను హాస్టల్‌కు పంపుతున్నరు చూడు, వాళ్ల గురించి అంటున్న.

గురుకులం_బ్యాచ్
వాళ్లెందుకు పంపుతున్నారో కూడా అడగండి అక్కా. ఊళ్లో బడిలో ఐదు తరగతులకి ఒక టీచరు కాబట్టి.

ఓరుగల్లు_రాణి
ఆ టీచరు ఒక్కతే ఎందుకు మిగిలింది? పిల్లలు పోయిర్రు కాబట్టి.

లాస్ట్_బెంచ్
కోడి ముందా గుడ్డు ముందా. పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

ఇద్దరు_పిల్లల_తల్లి
నేను ఇద్దరితో కొంచెం కొంచెం ఏకీభవిస్తాను. మా పెద్దమ్మాయి కేజీబీవీలో, అంటే కస్తూర్బా ఆడపిల్లల హాస్టల్ బడిలో చదివింది. 2004లో ఆ స్కీము వచ్చింది మధ్యలో చదువు మానేసిన ఆడపిల్లల కోసం. మా పిల్ల చదువు మానలేదు, కానీ ఏడో తరగతి తర్వాత హైస్కూలుకి ఆటోలో పంపడానికి మా అత్తగారు ఒప్పుకోలేదు. కేజీబీవీ అంటే ఒప్పుకుంది, గేటు ఉంటుంది కదా అని. చిన్నవాణ్ణి ప్రైవేటులో వేశాం. ఒకే ఇంట్లో రెండు రకాల బళ్లు. ఎందుకని అడిగితే నా దగ్గర గొప్ప సమాధానమేం లేదు. వాడు మగపిల్లాడు, ఇంగ్లిషు రావాలి అన్నారు, సరే అన్నాను.

లెక్కల_లక్ష్మి
తల్లి గారి పోస్టులో ఉన్నదే సగం రాష్ట్రం కథ. చాలా ఊళ్లలో ప్రైవేటులో మగపిల్లల వాటా ఎక్కువ ఉంటుంది.

అసలు పిల్లలే తగ్గారు, అది ఎవరూ ఎత్తడం లేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రాలో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. అరవై మంది ఒకటో తరగతిలో చేరిన ఊళ్లో ఇప్పుడు పుట్టేదే ఇరవై మంది అయితే గురుకులాన్ని తిట్టీ లాభం లేదు, జీవోని తిట్టీ లాభం లేదు.

పల్నాటి_పిల్లోడు
కానీ లక్ష్మి గారూ, మా ఊళ్లో బస్సులెక్కే పిల్లల్ని లెక్కేస్తే ఎనభై దాకా ఉన్నారు. అంటే పిల్లలున్నారు, బళ్లోనే లేరు.

చిన్న_బడి_ఓనర్
ఆ బస్సుల గురించి నన్ను చెప్పనివ్వండి. నేను 1990ల చివర్లో మండల కేంద్రంలో కాన్వెంటు పెట్టాను. రెండు పెంకుటిళ్లు అద్దెకి తీసుకుని, ఏడో తరగతి దాకా. అప్పట్లో వీధికొకటి ఉండేది, అన్నిటికీ ఒకే రకం పేర్లు. మేరీ, జోసెఫ్ పేర్లు పెట్టుకున్న మా ఓనర్లలో సగం మంది శనివారం వెంకటేశ్వరస్వామి గుడి క్యూలో కలిసేవాళ్లం.

మేము తిన్నది సర్కారు బడి పిల్లల్నే, కాదనను. తర్వాత మమ్మల్ని తినేవాళ్లు వచ్చారు. టౌను నుంచి పెద్ద బ్రాంచీలు దిగాయి. టెక్నో, ఒలింపియాడ్, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. ఇరవై కిలోమీటర్లు బస్సు తిప్పుతారు. నాకు నాలుగు బస్సులు కొనే స్తోమత లేదు. ఫైర్ సర్టిఫికెట్, బిల్డింగ్ సౌండ్‌నెస్, ట్రాఫిక్ ఎన్ఓసీ, గ్రౌండు, రికగ్నిషన్ రెన్యువల్... ఒక్కోదానికి ఒక్కో ఆఫీసు. కరోనాలో ఫీజులు రాలేదు, టీచర్లకి సగం జీతం ఇచ్చాను, ఒకావిడ టిఫిన్ సెంటర్ పెట్టుకుంది, నయమైంది ఆమెకి. ఇప్పుడు ఆ పెంకుటింట్లో ఎరువుల కొట్టు నడుస్తోంది.

ప్రైవేటు బళ్లు పెరిగాయంటారు అందరూ. పిల్లల సంఖ్యలో పెరిగాయేమో. మా మండలంలో బళ్ల సంఖ్యలో తగ్గాయి.

సుద్దముక్క
ఓనర్ గారి మాట ముఖ్యమైంది. చిన్న చేపల్ని పెద్ద చేప మింగడం రెండు వైపులా జరుగుతోంది, అటు ప్రైవేటులో, ఇటు సర్కారులో మోడల్ పేరుతో.

కాకినాడ_కాజా
సుద్దముక్క గారూ, ఒక్క సూటి ప్రశ్న. మీ పిల్లలు ఏ బడిలో?

సుద్దముక్క
వస్తుందనుకున్నాను ఈ ప్రశ్న, ప్రతి చర్చలోనూ వస్తుంది. ప్రైవేటులో. కారణం కూడా చెప్తాను. నా డ్యూటీ మా ఇంటికి నలభై కిలోమీటర్లు. పొద్దున ఏడున్నరకి బయల్దేరతాను. బడికి చేరగానే నా ముఖం ఫోన్‌కి చూపించి హాజరు, తర్వాత పిల్లల హాజరు, మధ్యాహ్నం గుడ్ల ఫోటో, మరుగుదొడ్డి ఫోటో. సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు పక్కన నిలబడాలి. ఆ టైములో ఒకటో తరగతికి ‘అ’ దిద్దమని, రెండో తరగతికి ఎక్కం చదవమని చెప్పి వచ్చి ఉంటాను. తిరిగి వచ్చేసరికి రెండో తరగతి వాళ్లు ఒకటో తరగతికి టీచర్లయిపోయి ఉంటారు, నా కంటే గట్టిగా అరుస్తూ. ఇలాంటి ఒక్క టీచరు బడిలో నా పిల్లని ఎందుకు వేయలేదంటే, అందులో ఏం జరుగుతుందో నాకు తెలుసు కాబట్టి.

కాకినాడ_కాజా
నిజాయితీకి దండం. కానీ మీరు, సర్పంచి, పోస్ట్‌మాస్టరు, బ్యాంకు క్లర్కు, అందరూ పిల్లల్ని తీసేశాకే కదా ఆ బడి ఒక్క టీచరు బడి అయింది. మా చిన్నప్పుడు కరణం గారి అబ్బాయి, మా పాలేరు కొడుకు ఒకే బల్ల మీద కూర్చున్నారు. మాష్టారు రాకపోతే కరణం గారు చెప్పు కూడా సరిగ్గా వేసుకోకుండా బడికి వచ్చేసేవారు. ఇప్పుడు టీచరు సెలవు పెడితే అడగడానికి బడికి వచ్చేవాడే లేడు.

రిటైర్డ్_హెచ్ఎం
ఒకే బల్ల అన్నది కొంచెం తీపి చేసి చెప్తున్నారు కాజా గారు. నేను చూసిన బడిలో నేల మీదే కూర్చునేవాళ్లం, ఎవరు ఎవరి పక్కన అనేది ఊరు ముందే నిర్ణయించి ఉండేది. మంచినీళ్ల కుండ దగ్గర మరీను. కానీ పెద్దవాళ్ల పిల్లలు ఉంటే బడిని అడిగేవాళ్లు ఉండేవారన్న మాట మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం.

ఓరుగల్లు_రాణి
మా వైపు చరిత్ర వేరు. నిజాం కాలంల పై చదువు ఉర్దూలనే, 1918ల వచ్చిన ఉస్మానియా కూడా ఉర్దూ మీడియమే. తెలుగు నేర్చుకోవాలంటే ఊళ్ల పెట్టుకున్న ఖాన్గీ (ప్రైవేటు) బడే దిక్కు. దానికీ సర్కారు అనుమతి కావాలని నిబంధన తెచ్చిర్రు, చానా బళ్లు మూతపడ్డయ్. 1930ల జోగిపేటల సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభ డిమాండ్లల్ల ఖాన్గీ బళ్ల మీద ఆంక్షలు తీసెయ్యాలన్నది ఒకటి. అంటే అప్పుడు మాకు ప్రైవేటు బడి కోసం పోరాటం, ఇప్పుడు సర్కారు బడి కోసం.

చరిత్ర_పిచ్చి
మంచి పాయింటు. ఆంధ్ర ప్రాంతంలో అదే సమయానికి మిషన్ బళ్లు వేళ్లూనుకున్నాయి. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ ఇంగ్లిషు బడి 1843, గుంటూరుకి లూథరన్ మిషనరీ హేయర్ వచ్చింది 1842. 1854లో ఉడ్స్ డిస్పాచ్ అనే బ్రిటిష్ వాళ్ల విద్యా ఉత్తర్వు తర్వాత ప్రైవేటు బళ్లకి గ్రాంటు ఇవ్వడం మొదలైంది. అలా ‘ఎయిడెడ్’ అనే రకం పుట్టింది. తెలుగునాట దళితుల మొదటి తరం అక్షరాస్యుల్లో ఎంతోమంది మిషన్ ఎలిమెంటరీ బడి నుంచే వచ్చారు.

పల్నాటి_పిల్లోడు
మా నాన్న చదివింది అలాంటి దాంట్లోనే. ఇప్పుడు దానికి తాళం. ఎయిడెడ్ బళ్లు ఏమయ్యాయి అసలు?

రిటైర్డ్_హెచ్ఎం
కొత్త వాటికి గ్రాంటు 1980ల్లోనే ఆగింది. పాతవాటిలో రిటైరైన వాళ్ల స్థానంలో కొత్త పోస్టులు నింపలేదు. 2021లో ఆంధ్రాలో ఎయిడెడ్ టీచర్లని ప్రభుత్వంలోకి తీసుకుంటాం, ఆస్తులు ఇస్తారా లేక గ్రాంటు వదులుకుంటారా అని యాజమాన్యాల్ని అడిగారు. చాలాచోట్ల టీచర్లు వెళ్లిపోయారు, ఫీజు కట్టలేని పిల్లల తల్లిదండ్రులు రోడ్డెక్కారు, తర్వాత ఇష్టమున్నవాళ్లు వెనక్కి తగ్గవచ్చన్నారు. ఈ కథలో లెక్కకి రానిది ఏంటంటే, బడి మూసేసినట్లు ఎవరూ ఆర్డరు ఇవ్వక్కర్లేదు. ఒక్కొక్కరే రిటైరవుతారు, అంతే.

హోసూరు_తెలుగు
మాది తమిళనాడు, కృష్ణగిరి జిల్లా. మీరు రకాల గురించి బాధపడుతున్నారు, మాకు ఉన్న ఒకే రకం, తెలుగు మీడియం సర్కారు బడి, చేతిలోంచి జారిపోతోంది. 2006లో తమిళం తప్పనిసరి చట్టం వచ్చింది. ఏటా ఒక్కో తరగతి పెంచుకుంటూ 2015-16కి పదో తరగతి దాకా వచ్చింది. బోర్డు మీద తెలుగు అలాగే ఉంది. మా అన్న కొడుకు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. వాణ్ణి తెలుగు మీడియంలో వేద్దామంటే మా వదిన "పదోక్లాసు తర్వాత ఏ కాలేజీలో తెలుగు ఉంది?" అంటుంది. సమాధానం లేదు.

డల్లాస్_డబ్బా
ఇక్కడ అమెరికాలోనేమో పిల్లలకి తెలుగు నేర్పే ‘మనబడి’కి ఆదివారం డబ్బు కట్టి పంపుతున్నాం. 2007 నుంచి నడుస్తోంది. మా అబ్బాయి ‘ఱ’ ఎందుకు వాడట్లేదని నన్ను నిలదీశాడు.

లాస్ట్_బెంచ్
బళ్లారిని బళ్ళారి అని రాసినందుకు చరిత్ర_పిచ్చిని కూడా ఆ అబ్బాయి దగ్గరికి పంపండి.

కాకినాడ_కాజా
మళ్లీ దారికి రండి. నవోదయలని ఎవరూ తలవలేదు. 1986 విద్యా విధానంతో జిల్లాకి ఒకటి. ఆరో తరగతిలో 80 సీట్లు. మా ఊళ్లో ఒక అబ్బాయికి సీటొస్తే పంచాయతీ ఆఫీసు ముందు ఫ్లెక్సీ కట్టారు. ఆ తర్వాత ఆదర్శ పాఠశాలలు, ఏకలవ్యలు. ఇప్పుడు తెలంగాణలో యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ అంట. ప్రతి ప్రభుత్వం మామూలు బడిని బాగుచేయడం కష్టమని పక్కన ఒక కొత్త బడి కడుతుంది. రిబ్బన్ కట్ చేయడానికి పాత బడి పనికిరాదు కదా.

గురుకులం_బ్యాచ్
నాడు-నేడులో పాత బళ్లనే బాగుచేశారు కదన్నా. 2019 నవంబరులో మొదలైంది. మా ఊరి బడికి ఫ్యాన్లు, డెస్కులు, టైల్స్, ఆర్వో నీళ్లు అన్నీ వచ్చాయి. తెలంగాణలో మన ఊరు-మన బడి కూడా అదే.

సుద్దముక్క
వచ్చాయి, నిజం. నేను పనిచేసే బడి మా ఇంటికంటే బాగుంటుంది ఇప్పుడు. కానీ గదికి రంగులేసిన రెండేళ్లకే అందులోంచి మూడు తరగతులు లేచి వెళ్లిపోయాయి. రెండు గదులు ఖాళీ. కొత్త డెస్కులు ఒకదాని మీద ఒకటి పేర్చి గుడ్డ కప్పాం.

చిన్న_బడి_ఓనర్
అమ్మఒడి 15,000 వచ్చినప్పుడు ప్రైవేటుకి కూడా ఇచ్చారు. ఇప్పుడు తల్లికి వందనం కూడా అంతే, ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికి. ఓనరుగా నాకు లాభమే కానీ, సర్కారు బడి నుంచి పిల్లాణ్ణి తీయడానికి సర్కారే డబ్బిచ్చినట్టు అయింది.

ఇద్దరు_పిల్లల_తల్లి
ఆ డబ్బు నా అకౌంటులో పడుతుంది, ఆయన అకౌంటులో కాదు. ఆ ఒక్క కారణానికి దాన్ని ఏమీ అనను.

లెక్కల_లక్ష్మి
పల్నాటి పిల్లోడి అసలు ప్రశ్న గాల్లో వదిలేశారు అందరూ. నాకు తెలిసింది చెప్తాను. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆంధ్రా నిబంధనల ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులు ఇంటికి కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. మీ పక్కూరు ఎంత దూరం? మీ వీధి చివరి ఇంటి నుంచి కొలవండి, బడి నుంచి బడికి కాదు.

పల్నాటి_పిల్లోడు
బండి మీద చూశాను, ఎస్సీ కాలనీ చివరి నుంచి కిలోమీటరున్నర. బడి నుంచి బడికి కొలిస్తే కిలోమీటరు లోపే వస్తుంది. వాళ్లు అదే రాసుకున్నట్టున్నారు.

సుద్దముక్క
అదే పట్టుకోండి. కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. వాళ్ల తీర్మానానికి తరగతిని వెనక్కి తెచ్చే అధికారం లేదు, కానీ అది లేకుండా ఎంఈవో (మండల విద్యాధికారి) ఫైలు కదపడు. రోడ్డు దాటాలన్న విషయం కూడా రాయండి, మధ్యలో వాగు, రైలు పట్టాలు, హైవే ఉంటే పట్టించుకుంటారు. ఒకవేళ ఒప్పుకోకపోతే రవాణా భత్యం అడగండి.

నిజం చెప్పాలంటే మూడో తరగతికి ఎంతమంది వస్తారన్నదే చూస్తారు. నలుగురి కోసం టీచర్ని ఇవ్వరు. బస్సెక్కే ఎనభై మందిలో పదిహేను మంది తల్లిదండ్రుల చేత చేరుస్తామని సంతకం పెట్టించగలరా?

పల్నాటి_పిల్లోడు
నిన్న సాయంత్రం రచ్చబండ దగ్గర అడిగాను. ఆరుగురు పెడతామన్నారు. మిగతావాళ్లు "ముందు టీచర్ని వేయించు, అప్పుడు మా పిల్లల్ని వేస్తాం" అన్నారు.

లాస్ట్_బెంచ్
టీచరుంటే పిల్లలు, పిల్లలుంటే టీచరు. రాణి గారూ, గురుకులం బ్రో, మీ గొడవ పల్నాడు దాకా వచ్చేసింది.

ఓరుగల్లు_రాణి
ఆరుగురంటే తక్కువేం కాదు. మా చుట్టాల ఊళ్ల యువకులు, టీచర్లు కల్సి ఇల్లిల్లు తిరిగి, ఊరోళ్లే చందాలేసుకుని ఒక వాలంటీర్‌ను పెట్టుకున్నరు. మొదటి ఏడు ఆమె పాఠం చూసినంకనే మిగతావాళ్లు బస్సు మాన్పించిర్రు. కానీ చందా రెండో ఏడు సగమే వసూలైంది, అది కూడా చెప్పాలె.

కాకినాడ_కాజా
ఊరు చందా వేసి టీచర్ని పెట్టుకోవడమంటే చరిత్ర_పిచ్చి చెప్పిన వీధి బడికే తిరిగి వెళ్లినట్టు. ఆ చందా ఇచ్చే బదులు మన పన్ను ఎక్కడికి పోతోందో అడగాలి.

ఓరుగల్లు_రాణి
అడగండి సార్. అడిగేలోపు మూడో తరగతి పిల్ల పదో తరగతికి వస్తది.

రిటైర్డ్_హెచ్ఎం
పల్నాటి అబ్బాయికి ఒక మాట. కాగితం ఎప్పుడిస్తున్నామన్నది చాలా ముఖ్యం. జూన్‌లో ఇస్తే "పోస్టులు సర్దేశాం, వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. వేసవిలో బదిలీలకి ముందే బడివారీగా పోస్టుల లెక్క కడతారు, అందుకని ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే తీర్మానం ఎంఈవోకి, నకలు జిల్లా విద్యాధికారి డీఈవోకి చేరాలి. పిల్లల పేర్లు, తల్లుల సంతకాలు, ఇంటి నుంచి దూరం పట్టికగా జతచేయండి. అంగన్‌వాడీ రిజిస్టరు నుంచి వచ్చే రెండేళ్లలో ఒకటో తరగతికి రాబోయే పిల్లల సంఖ్య కూడా తీసుకోండి. ఆఫీసులో ఎవరూ అడగరు, కానీ కాగితం మీద ఉంటే కాదనడం వాళ్లకి కష్టం. చేతికిచ్చి రాకండి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి.

పల్నాటి_పిల్లోడు
సరే మాష్టారూ. అంగన్‌వాడీ టీచరు మా పిన్నే, రేపే రిజిస్టరు చూస్తాను. నమూనా తీర్మానం ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.

సుద్దముక్క
నా దగ్గరుంది, మా మండలంలో ఒక ఊరివాళ్లు ఇచ్చింది. పేర్లు చెరిపేసి రాత్రికి పెడతాను. వాళ్లకి ఇంకా జవాబు రాలేదు, ముందే చెప్తున్నా.